రోహిణి పెట్టడం మరిచిన పరీక్ష

రోహిణికి ఓపిక తక్కువని ఎవరైనా అంటే నమ్మకండి. అనంతపురం పిల్ల, చినుకు కోసం ఆకాశం చూస్తూ పెరిగింది. అలాంటి మనిషికి కొండాపూర్‌లో దొరికిన కొలువేమిటంటే, వాన ఎక్కువై ఏ వీధి మునుగుతుందో లెక్కగట్టడం! ఆ విడ్డూరానికి ఆమే నవ్వుకుంటుంది.

నవ్వు రానిదల్లా ఆఫీసులోని పాత కంప్యూటర్ తలపుకొచ్చినప్పుడే. సాయంత్రం మబ్బుల వివరాలు ఇస్తే మర్నాటికి గాని జవాబు చెప్పదు. ఈలోగా వాన పడి, సెల్లార్లు నిండి, జనం తిట్టుకుంటూ నీళ్లు తోడుకోవడం కూడా అయిపోయేది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, పోయినేడంతా అదే వరస.

అందుకే గది నిండా బీరువాల్లా నిలబడ్డ కొత్త యంత్రం పరీక్షకు వచ్చినప్పుడు ఆమెకు కాలు నిలవలేదు. పనికొస్తే ఉంచుకోవడం, లేకపోతే లారీ ఎక్కించి తిప్పి పంపడం. ఏ మాటైనా చెప్పాల్సింది రోహిణే. అమ్మేవాళ్లు తెచ్చిన లెక్కల్ని ఆమె ముట్టుకోలేదు. “వాళ్ల పిల్లోడిని వాళ్ల పాఠమే అడిగితే గడగడా అప్పజెప్పడా?” అని పోయినేటి వానల్ని ఇచ్చింది. నీళ్లు నిలిచిన వీధుల్ని యంత్రం సరిగ్గా చెప్పింది. ఇక తేలాల్సింది ఒకటే. రాబోయే వానను, అది రాకముందే చెప్పగలదా?

ఆ శుక్రవారం సాయంత్రం భారీ వాన అన్నారు. పొద్దున్నే రోహిణి ఆ లెక్క అప్పగించింది. సగం దాటిందో లేదో, డైరెక్టర్ రంగనాథ్ గారు పళ్లెంతో వచ్చారు. బొట్టు, కొబ్బరికాయ, అగరొత్తులు. కొత్త వస్తువుకు పూజ చేయందే ఆయన ప్రాణం ఒప్పదు. వద్దనేలోగానే కట్ట మొత్తం వెలిగించేశారు. పైకప్పులో పొగను పసిగట్టే పరికరానికి భక్తీ గిక్తీ తెలియదు కదా, గదికి కరెంటు కోసేసింది. యంత్రం హోరు ఆగిపోయింది.

“ఎంత పని చేస్తిరి సార్!” పై అధికారి అని కూడా చూడలేదు రోహిణి.

“పొరపాటైపోయిందమ్మా,” అన్నారాయన, కొబ్బరికాయ ఎక్కడ పెట్టాలో తోచక.

మళ్లీ మొదటి నుంచి లెక్కిస్తే జవాబు కన్నా వానే ముందొస్తుంది. యంత్రంతో వచ్చిన ఇంజనీర్ ఓంకార్ మాత్రం నిబ్బరంగా ఉన్నాడు. “పరేషాన్ కాకండి మేడమ్. చేసిన లెక్క ఎప్పటికప్పుడు దాచుకుంటది. ఆగిన కాడికెల్లే అందుకుంటది.”

“నువ్వు చెప్తే సరా? చూడాల!”

అన్నాక ఆమెకే తట్టింది. కుండపోత రోజున కరెంటును నమ్ముకోగలమా? అన్ని పరీక్షలూ పెట్టి, పెట్టాల్సిన ఈ ఒక్కటీ మరిచింది. దాన్ని రంగనాథ్ గారి అగరొత్తులు పెట్టాయి!

పొగ పోయాక కరెంటు వచ్చింది. మళ్లీ హోరు. రోహిణి తెర మీదికి వంగింది. సగం దాటిన చోటి నుంచే లెక్క సాగుతోంది.

“అందుకునింది సార్, అందుకునింది!” అని చిన్నపిల్లలా ఎగిరింది. రంగనాథ్ గారూ పళ్లెం కింద పెట్టి చప్పట్లు కొట్టారు.

భోజనాల వేళకు మునిగే వీధుల పటం చేతికొచ్చింది. అందులో పుప్పాలగూడలో ఆమె ఉండే వీధీ ఉంది. రంగనాథ్ గారు కార్పొరేషన్‌కు ఫోన్ చేస్తుండగా, ఆమె తమ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య నీలమ్మకు ఫోన్ కలిపింది.

“అక్కా, సెల్లార్‌లో బండ్లన్నీ పైకి తీయించు. సాయంత్రానికి నీళ్లొస్తాయి.”

“నీళ్లేందమ్మా? బయట గింత ఎండ కొడుతుంటే!”

రోహిణి కిటికీలోంచి చూసింది. నిజమే, రోడ్డు మీద చుక్క తడి లేదు. నవ్వొచ్చింది.

“ఎండ ఉండంగానే చెప్తాండా అక్కా! ఈసారి ఎండ ఉండంగానే చెప్తాండా!”