పాలలో నానిన నీలం

మా తమ్ముడి కూతురు సుకన్య తన చేత్తో పొదిగిన మొదటి రాయి, ముక్కుపుడకలో మినపగింజంత నీలం. దానికి ముందు ఏడాదిన్నర పాటు ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు రోజూ బస్సులో పోయి, రాళ్లు పొదిగే ఒక ముసలాయన దగ్గర కూర్చుని నేర్చుకుంది. గాజురాళ్లు పదిహేడు పగలగొట్టింది. పద్దెనిమిదోది నిలిచింది. ఆ తర్వాతే ఆయన అసలు నీలం చేతికిచ్చాడు. ఆరేళ్లయింది, ఆ ముక్కుపుడకలో రాయి ఈనాటికీ కదల్లేదు.

మాది నాలుగు తరాల బంగారప్పని. నేనూ నలభై ఏళ్లు కుంపటి ముందు కూర్చున్నవాణ్ణే. కానీ రాయి పొదగడం మా ఇంట్లో ఎవరికీ రాలేదు. ఈ పిల్లకొచ్చింది. భూతద్దం పెట్టి రాయి లోపలి సంగతి చెప్పగలిగింది మా అంగళ్లలో ఆమె ఒక్కతే. పోయిన ఏడాది జైపూరులో రాళ్ల పరీక్ష నేర్పేచోట మూడు నెలలకు సీటు కూడా తెచ్చుకుంది.

నవంబరులో ఒక సోమవారం ప్రయాణం. దానికి ముందు శనివారం పొద్దున వరికుంటపాడు నుంచి రామనారాయణ తన తల్లి పెంచలమ్మను వెంటబెట్టుకుని అంగడికి వచ్చాడు. పెద్ద కమతం, ఊళ్లో మాట చెల్లే మనిషి. వేలి ఉంగరం తీసి మా తమ్ముడి ముందు పెట్టాడు.

"చంద్రమోహనూ, మా తాత నీలం ఏదిరా? ఇది నా రాయి కాదు."

నిజంగానే రాయి బూడిద రంగుకు తిరిగి ఉంది.

"అదే రాయి అన్నా," అంది సుకన్య. "వేలికి ఉంగరం వదులుగా ఉండాదని రెండు నెలల కింద మీరే ఇచ్చినారు. బిగుతు చేసి, అదే రాయి పొదిగి ఇచ్చినాను."

"అదే అయితే ఇట్లా చచ్చిందేంది? జైపూరు పోతాండావంట. రాళ్ల బజారంట గదా అది!"

రాయి మార్చి అక్కడ అమ్ముకోను పోతోందని ఆయన మాట. పిల్ల రైలెక్కితే దొంగ పారిపోయిందంటారు. ఎక్కకపోతే సీటు పోతుంది.

"పాపా, టికెట్టు కాన్సిల్ చేయించు. రాయి సంగతి తేలేదాకా ఊళ్లోనే ఉండు," అన్నాడు మా తమ్ముడు.

"తేలేది ఇప్పుడే నాయనా. మీ అందరి ముందే విప్పతా."

"విప్పి, పగిలిందంటావా?" అన్నాడు రామనారాయణ.

"నీలం ఊరికే పగలదన్నా. వజ్రం తర్వాత గట్టిది ఇదే. సెగ తగిలితేనే భయం. అందుకే ఆ రోజు రాయి తీసినాకే ఉంగరం కుంపట్లో పెట్టినాను."

రాయి చుట్టూ ఉన్న బంగారు అంచును సన్నటి ఉలితో మెల్లగా ఎత్తింది. రాయి బయటికి రాగానే పులిసిన వాసన గుప్పుమంది.

"అవ్వా, ఉంగరాన్ని పాలల్లో ఏమన్నా పెట్టినావా?"

"పెట్టకుండా ఎట్లమ్మా? శనీశ్వరుడి రాయి. పరాయి చేతుల్లో పడొచ్చినాక శాంతి చేయొద్దా? ఏడు శనివారాలు రాత్రంతా పాలల్లోనే ఉంచినాను. మంచి గేదెపాలు, ప్యాకెట్టువి కాదు."

"తడి తగలనీయొద్దని అన్నకు చెప్పినాను గదవ్వా."

పెంచలమ్మ కొడుకు వైపు తిరిగింది. "నాకు చెప్పినావంట్రా?"

"మతికి రాలేదమ్మా," అని ఆయన వాకిలి వైపు చూశాడు.

పాతకాలపు ఉంగరాల్లో రాయి వెనక మూసి ఉంటుంది. రంగు ఎక్కువగా కనబడడానికి లోపల నీలి పూత పూసిన వెండి రేకు వేస్తారు. పాలు లోపలికి దిగి ఆ రేకు నల్లబడింది. రాయికి మాత్రం ఏమీ కాలేదు. సుకన్య దాన్ని కడిగి తెల్లకాగితం మీద పెట్టింది. లేత నీలం.

"ఇంతేనా? మాది కాశ్మీరుదని తాత చెప్పేవాడే!"

"కాశ్మీరులో కొండచరియ విరిగిపడి నీలాలు బయటపడింది మొన్న మొన్న, నూట యాభై ఏళ్లు కూడా కాలేదు. సింహళంలో ఏటి కంకర తవ్వి రాళ్లేరడం అంతకు ఎన్నో వందల ఏళ్ల నుంచీ ఉండాది. ఇంత లేత రంగంటే ఇది ఆ సింహళం రాయనుకుంటా. రేకు వేసేది మోసం కాదన్నా, అప్పటి పద్ధతే."

కొత్త రేకు కత్తిరించి వేసి, మళ్లీ పొదిగింది. ముదురు నీలం తిరిగొచ్చింది. పెంచలమ్మ ఉంగరాన్ని కళ్లకు దగ్గరగా పట్టుకుంది.

"ఇదేరా! పీటల మీద మీ నాయన వేలికి చూసిన రంగు ఇదే."

నేను పీట లాక్కుని కూర్చున్నాను. అప్పటిదాకా నిలబడే ఉన్నానని అప్పుడు తెలిసింది.

"మెత్తటి గుడ్డతో తుడువు అవ్వా, చాలు. వజ్రాలతో కలిపి పెట్టెలో వేయొద్దు, గీతలు పడతాయి."

"మరి శనీశ్వరుడికి?"

"పాలు గిన్నెలో పెట్టు, ఉంగరం పక్కన పెట్టు. ఆయనకు రెండూ కనబడతాయి."

రామనారాయణ కూడా నవ్వేశాడు. "మాట జారినాను పాపా. మనసులో పెట్టుకోవద్దు. టికెట్టు ఉంచు," అన్నాడు. సోమవారం తన కారులోనే నెల్లూరు స్టేషను దాకా దించి, పెట్టె కూడా ఆయనే మోశాడు. పెంచలమ్మ కమ్మల్లో ఒక రాయి కదులుతోంది. సుకన్య వచ్చేదాకా ఇంకొకరి చేతికి ఇవ్వనని మూట కట్టి దాచుకుంది. వారానికొకసారి ఫోన్ చేసి ఎప్పుడొస్తుందని అడుగుతుంది. నేను ప్రతిసారీ అదే చెబుతున్నాను: ఫిబ్రవరి పద్దెనిమిది, బుధవారం.