వేశానని చెప్పిన తాళం

ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా. ఎన్నో ఏళ్ళు గడిచాయి. వంట చేస్తున్నప్పుడో, బస్సులో నిలబడి ఉన్నప్పుడో ఉన్నట్టుండి గుర్తొస్తుంది. ఎవరైనా నన్ను మంచిదానివని మెచ్చుకున్నప్పుడు మరీను. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీకు చెప్పగలనేమో అనిపిస్తోంది. చెప్పకపోతే ఇక బతకలేనని కూడా అనిపిస్తోంది.

అప్పటికి తెలంగాణ రాలేదు. ఉప్పల్‌లో ఒక సందులో, యాదగిరి గారింట్లో పై వాటా మాకు అద్దెకిచ్చారు. మాది గుంటూరు వైపు. నేను నాచారం వెళ్ళే దారిలో ఒక చిన్న ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ నేర్పేదాన్ని. టైపింగ్, ఇంటర్నెట్, అలాంటివి. నిజానికి నాకు తెలిసింది కొంచెమే. అయినా సందులో అందరికీ నేను టీచరమ్మను. ఎవరింట్లో కంప్యూటర్ మొరాయించినా నన్నే పిలిచేవాళ్ళు. ఆ పిలుపంటే నాకెంత ఇష్టమో!

యాదగిరి గారు నాచారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఆయన తమ్ముడు నర్సింహ అక్కడే వేరే కంపెనీలో లేత్ మిషను మీద పని చేసేవాడు. వాళ్ళమ్మ లచ్చమ్మ పోయేనాటికి అతనికి ఏడేళ్ళట. వదిన సుగుణక్కే పెంచి పెద్దచేసింది. కంప్యూటర్‌లో డ్రాయింగులు గీయడం నేర్చుకుని మిషను మీద నుంచి టేబుల్ దగ్గరికి మారాలని నర్సింహకు ఆశ. పెళ్ళి కూడా కుదిరింది. అప్పుడే కంప్యూటర్ కొన్నాడు. ఇంటర్నెట్ వచ్చే ఫోను ముందు గదిలో, అతని గది వెనకాల. అందుకని వైర్‌లెస్ పెట్టె తెచ్చుకున్నాడు. బిగించి ఇవ్వమని నన్ను పిలిచాడు.

ఆదివారం మధ్యాహ్నం. ఇల్లంతా నా చుట్టూ కూర్చుంది. "అక్కా, తాళం లేకుంటే ఎవలన్న మన లైన్ల జొరబడ్తరంట గదా. మంచిగ తాళమెయ్యి" అన్నాడు నర్సింహ. పాస్‌వర్డు కూడా అతనే చెప్పాడు. వాళ్ళమ్మ పేరు, పక్కన నాలుగు అంకెలు.

పెట్టాను. పెట్టగానే కనెక్షన్ పోయింది. తీసేస్తే వచ్చింది. మళ్ళీ పెడితే మళ్ళీ పోయింది. రెండు గంటలు అదే వరస. చెమటలు పట్టాయి. సుగుణక్క రెండోసారి టీ తెచ్చి, "కష్టమైతుందా టీచరమ్మా?" అంది. ఆ మాటకి నాకెందుకంత రోషం వచ్చింది? చేతకావడం లేదు, ఇంకెవరినైనా పిలవండి అనడానికి ఏం పోయేది? ఒక్క ఆదివారం పూట నా పేరు కాస్త తగ్గేది. అంతే కదా. నేను మాత్రం తాళం తీసేసి, కనెక్షన్ వచ్చాక, ఆ పాస్‌వర్డు ఒక కాగితం మీద అందంగా రాసి, కంప్యూటర్ పక్కన గోడకి అతికించాను. "అయిపోయింది. మీరు తప్ప ఇక ఎవరూ దూరలేరు" అన్నాను. చప్పట్లు కొట్టారు.

రెండు నెలల తర్వాత ఇన్‌స్టిట్యూట్‌లో అదే ఇబ్బంది వస్తే కారణం తెలిసింది. ఒక చిన్న ప్రోగ్రాం ఎక్కించాలి, అంతే. పది నిమిషాల పని. సీడీ నా బ్యాగులోనే ఉండేది. వెళ్ళి పెట్టొచ్చు. పెడదాం, రేపు పెడదాం అనుకున్నాను. ఇప్పుడు వెళితే అప్పుడు వెయ్యలేదని తెలిసిపోతుందేమో అని కూడా అనుకున్నాను.

ఇంకో రెండు నెలలు గడిచాయి. మా ఎదురు వరుసలో స్వప్న అని ల్యాబ్ టెక్నీషియన్ ఉండేది. నెమ్మదైన పిల్ల. ఎవరో ఆమె ఫొటోతో, ఫోన్ నంబరుతో ఇంటర్నెట్‌లో పేజీ తెరిచి, చదవలేని మాటలు రాశారు. ఆమెకు రోజంతా ఫోన్లు. తండ్రి కేసు పెట్టాడు. ఆ పేజీ ఏ లైను మీద నుంచి తెరిచారో పోలీసులు కనుక్కున్నారు. అది యాదగిరి గారి ఫోను లైను.

పొద్దున్నే వచ్చారు. ఆ ఇంట్లో కంప్యూటర్ వాడేది నర్సింహ ఒక్కడే. లుంగీ మీదున్న మనిషిని అలాగే తీసుకెళ్ళారు. యాదగిరి గారు వెనకాలే పరిగెత్తారు. నేను మెట్ల మీద నిలబడిపోయాను. తాళం లేని లైను. సందులో ఎవరైనా, వెనక కడుతున్న అపార్ట్‌మెంట్‌లో ఎవరైనా, ఎవరైనా సరే వాడి ఉండొచ్చు. ఆ సంగతి ప్రపంచంలో నాకొక్కదానికే తెలుసు.

సుగుణక్క మెట్లెక్కి వచ్చింది. జుట్టు ముడేసుకోలేదు. నా రెండు చేతులూ పట్టుకుంది.

"టీచరమ్మా, జర నిజం చెప్పు. నువ్వు తాళమేసినవ్ గదా?"

"వేశాను సుగుణక్కా."

"మంచిగ ఏసినవా? బయటోళ్ళు ఎవ్వలు రాలేరా?"

"రాలేరు."

"ఒక్కసారి మతికి తెచ్చుకో తల్లీ. ఏమన్న మర్చిపోయినవేమో. మర్చిపోతే ఏం కాదు. నేనేం అననమ్మా."

"లేదక్కా. బాగానే వేశాను."

ఆమె చేతులు వదిలేసింది. "అయితే మా వోడేనా?" అంది. నన్ను అడగలేదు. తనలో తనే అనుకుంది. ఆ ఒక్క మాటతో నా కళ్ళ ముందే ఒక తల్లి తను పెంచిన బిడ్డను పోగొట్టుకుంది. ఆమె నాకు తలుపు తెరిచి పట్టుకుంది, మర్చిపోతే ఏం కాదు అంది. నేను ఆ తలుపు మూశాను. ఎందుకు? స్టేషన్‌లో నా పేరు ఎక్కుతుందని. ఉద్యోగం పోతుందని. మా ఆయన ఏమంటాడో అని. ఇవన్నీ నిజమే. కానీ అన్నింటికన్నా ముందు నన్ను ఆపింది, నాకు చేతకాలేదని తెలిసిపోతుందన్న సిగ్గు. అంత చిన్నది.

చేసిందంతా ఇదే అయితే భయం అని సర్దిచెప్పుకునేదాన్ని. ఇంకోటి ఉంది.

తన పిల్లలు బడి నుంచి వస్తే తలుపు తియ్యమని ఇంటి తాళంచెవి నా చేతిలో పెట్టి సుగుణక్క స్టేషన్‌కి వెళ్ళింది. రేపు పోలీసుల తరఫున కంప్యూటర్ తెలిసినతను వచ్చి చూస్తాడని అప్పటికే విన్నాను. బ్యాగులోంచి సీడీ తీసుకుని కిందికి దిగాను. నర్సింహ గదిలోకి వెళ్ళాను. పక్క ఇంకా చుట్టలేదు. ప్రోగ్రాం ఎక్కించాను. తాళం పెట్టాను. గోడ మీది కాగితం చూసి, లచ్చమ్మ పేరు ఒక్కో అక్షరం కొట్టాను. వెంటనే కలిసింది. పది నిమిషాలు కూడా పట్టలేదు. అతన్ని కాపాడగలిగే సాక్ష్యం ఆ ఇంట్లో ఒక్కటే ఉంది. దాన్ని నా చేత్తో చెరిపేశాను.

మర్నాడు ఆ మనిషి వచ్చి చూశాడు. నర్సింహను కూడా తీసుకొచ్చారు. ఒక చెంప వాచి ఉంది. "ఈ తాళం మొదటి నుంచీ ఇలాగే ఉందా?" అని పోలీసులు నన్ను అడిగారు. నర్సింహే అందుకున్నాడు. "అక్క ఏసింది సార్. అక్క అబద్ధం చెప్పదు." నేను తలూపాను. కాగితం మీద రాశారు. సంతకం పెట్టాను.

కంప్యూటర్‌లో వాళ్ళకు ఏమీ దొరకలేదు. కొన్నేళ్ళు కోర్టు చుట్టూ తిప్పి, సాక్ష్యం చాలలేదని కేసు కొట్టేశారు. ఎవరూ నమ్మలేదు. పెళ్ళి అతన్ని తీసుకెళ్ళిన వారంలోనే తప్పిపోయింది. కంపెనీ తీసేసింది. "ఇంట్ల ఆడపిల్లలున్నరు" అని సుగుణక్కే అతన్ని వెళ్ళిపొమ్మంది. నారపల్లిలో ఎవరిదో వెంచర్లో ప్లాట్లకు కాపలా కుదిరాడు. స్వప్న వాళ్ళు ఇల్లు ఖాళీ చేశారు. ఆమె బతుకు పాడుచేసినవాడు ఎవడో నేటికీ తెలీదు. వాణ్ణి దాచింది కూడా నేనే కదా?

మేం పీర్జాదిగూడకు మారిపోయాం. తర్వాత యాదగిరి గారు పోయారని తెలిసి వెళ్ళాను. నర్సింహ గేటు బయట నిలబడి ఉన్నాడు. జుట్టు నెరిసింది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. అన్న శవాన్ని రోడ్డు మీద నుంచే చూశాడు. సుగుణక్క అటు ముఖం తిప్పలేదు. నేను వాళ్ళిద్దరి మధ్యలో నుంచి నడిచి లోపలికి వెళ్ళాను. అతను నన్ను చూసి, "అక్కా, మంచిగున్నవా?" అన్నాడు. బాగున్నానన్నాను. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. ఇద్దరూ ఇంకా ఉన్నారు. ఇవాళైనా వెళ్ళి చెప్పొచ్చు. వెళతానని మీకు మాటివ్వలేను. నా గురించి నాకు తెలుసు.

క్షమించమని అడగడం లేదు. అడగాల్సింది మిమ్మల్ని కాదు. ఒక్క వాక్యం రాయాలని కూర్చున్నాను, అక్కడికి రావడానికి ఇంత తిరిగాను. ఇదిగో. ఆ తాళం నేను వెయ్యలేదు, నర్సింహ ఏ తప్పూ చెయ్యలేదు.

రాశాను. ఊపిరి ఆడుతోంది.