మంచి మందు అన్నాను

ఆ రోజు నేను చేసిన తప్పు ఒక్క మాట. "మంచి మందు మావా, వేసుకో" అన్నాను. అలా అనే హక్కు నాకు లేదు.

శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రిలో కొత్త షుగరు మాత్ర మీద జరుగుతున్న ట్రయల్‌లో పని నాది. చేరేవాళ్ళకి కాగితాలన్నీ చదివి వినిపించి, అర్థమైందని తేల్చుకున్నాకే వేలిముద్ర తీసుకోవాలి. సగంమందికి కొత్త మాత్ర, సగంమందికి అచ్చం అలాగే ఉండే, మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇస్తారు. ఎవరికి ఏది వెళ్ళిందో మాకూ తెలియదు. ఎవరికి ఏది వచ్చినా పాత మాత్రలు మాత్రం మానకూడదు.

నేను మావా అన్నది కోటబొమ్మాళి దగ్గర వరి పండించుకునే మనిషిని. నేను రెండో కాగితం తిప్పేసరికే అడ్డుకున్నాడు.

"సదవక్కర్నేదు అల్లుడా. నువ్వు మంచిదంటే మంచిదే" అని వేలు సిరాలో అద్దేశాడు.

శ్రీకాకుళంలో నాకు ఎవరూ లేరు. గదికి వెళ్తే తెల్లారేదాకా నోరు విప్పే పని ఉండేది కాదు. ఒకరు వరస కలిపి పిలిస్తే బాగుంది. అతని దగ్గర మంచివాణ్ణి అనిపించుకోవాలని ఆ మాట అనేసి, కాగితాలు మూసేశాను.

నెల తర్వాత భార్య చెయ్యి పట్టుకుని వచ్చాడు. కళ్ళు తిరుగుతున్నాయట. పరీక్షలో చక్కెర విపరీతంగా ఉంది.

"పాతవి మానీసినాడు బాబూ. మంచిది దొరికినాక అవెందుకని మా ఆడపడుచుకి ఇచ్చీసినాడు" అంది ఆవిడ.

డాక్టరుగారికి నేనే చెప్పాను. ఫైల్లో నా తప్పు నా చేత్తోనే రాశాను. పాత మందు వెంటనే మొదలుపెట్టించారు. ఆదివారం రైలెక్కి వాళ్ళింటికి వెళ్ళి, అతని భార్య ఆడపడుచు దగ్గర మిగిలిన మాత్రలు వెనక్కి తీసుకుని, అరుగు మీద కూర్చుని మొదటి కాగితం నుంచి చదివాను.

"అయితే నాకిచ్చిన దాన్లో మందుందో నేదో నీకూ తెల్దా?"

"తెలీదు మావా. ఆ మందు పనిచేస్తుందో లేదో కూడా ఇంకా ఎవరికీ తెలీదు. తెలుసుకోడానికే ఇదంతా."

"మరి మంచిదని ఎలాగన్నావు?"



"తెల్దని సెప్తే మాత్రం రామేటి? ఆలోసించుకుని వచ్చీవోళ్ళం గదా" అంది భార్య.

అతను ట్రయల్ మానేస్తానన్నాడు. ఎప్పుడైనా మానొచ్చని, అందువల్ల వైద్యం ఆగదని చదివి వినిపించి, ఆ కాగితం మీద వేలిముద్ర తీసుకున్నాను. చక్కెర అదుపులోకి వచ్చేదాకా ప్రతి ఆదివారం షుగరు మిషను పట్టుకుని వెళ్ళాను. అతను మళ్ళీ అల్లుడా అనలేదు, వేలు చాపేవాడు. అంకె చెప్పి, పుస్తకంలో రాసిచ్చి, స్టేషనుకి నడిచేవాణ్ణి.