టేపు బాబాయి ఊరు చూసిన రోజు

టేపు బాబాయికి అసలు పేరొకటి ఉంది. దుకాణం బోర్డు మీద రాయించాడు కూడా. ఉప్పుగాలికి ఒక్కో అక్షరమే రాలిపోయి, ఇప్పుడు 'టైలర్స్' అన్న మాటలో సగం మాత్రం మిగిలింది. ఊళ్ళో చిన్నా పెద్దా అందరికీ ఆయన టేపు బాబాయే. మెడలో కొలతల టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. పెళ్ళి ఫోటోలో సైతం కోటు కాలరు కింద నుంచి టేపు కొస తొంగిచూస్తూ ఉంటుంది.

రేవు వెనక సందులో కింద దుకాణం, పైన ఇల్లు. యాభై ఆరేళ్ళుగా ఆ సందే ఆయన లోకం. ఊరికి సముద్రం ఉంది, లైట్‌హౌస్ ఉంది, పాత కోట ఉంది, పడవలో వెళ్ళి చూసే పక్షుల రాయి ఉంది. వాటిని చూడటానికి ఎక్కడెక్కడి జనమో బస్సులు కట్టుకుని వస్తారు. బాబాయి మాత్రం ఒక్కటీ చూడలేదు. కుట్టుమిషను దగ్గర కూర్చుంటే బేకరీ కప్పు మీదుగా లైట్‌హౌస్ తల కాస్త కనబడుతుంది. తనకు ఆ మాత్రం చాలంటాడు.

ఆయన భార్యకు మాత్రం చాలదు. ఊరంతా పిన్ని అని పిలిచే ఆవిడ ముప్ఫై ఏళ్ళుగా ఆ దుకాణంలోనే కూర్చుని గుండీలకు కాజాలు కుడుతోంది. పెళ్ళయిన వారానికే లైట్‌హౌస్ ఎక్కుదామని అడిగింది. ఈ కోటు అయిపోనీ అన్నాడు. ఆ కోటు అయిపోయింది, వేసుకున్నాయన రిటైరయ్యాడు, కోటు ఆయన కొడుక్కి బిగుతైంది. ఇంకా ఎక్కలేదు. ఎప్పుడడిగినా, రాళ్ళెక్కడికి పోతాయే అంటాడు. పోనీ నువ్వొక్కదానివే వెళ్ళి చూసిరా అంటే పిన్ని ఒప్పుకోదు. ఎక్కితే ఇద్దరం ఎక్కుతాం, లేకపోతే లేదు అని మూతి ముడుచుకుని తర్వాతి కాజా మొదలుపెడుతుంది.

ఆ యేడు యాత్రికుల బస్సు మొదలయ్యే రోజు పొద్దున, దుకాణంలో పోస్టుమాస్టరు తుండుగుడ్డ చుట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. పోస్టుమాస్టరు ఒళ్ళు చేశాడు. ఉన్న ఒక్క యూనిఫాం ప్యాంటూ నడుం దగ్గర పట్టడం లేదు. తపాలా ఆఫీసు తెరిచేలోపు వదులు చేసివ్వమని విప్పి బాబాయి చేతిలో పెట్టాడు. బాబాయి కుట్లు విప్పి, నడుం వదులు చేసి, గుండుసూదులు గుచ్చి, మిషను కిందికి తోయబోతుండగా గుర్తొచ్చింది: బస్సులో గైడుగా కొత్తగా చేరిన అమ్మాయి నీలం కోటుకి చేతి గుండీ కుట్టలేదు. రాత్రి ఆ పిల్ల తొందరపడి కోటు అలాగే పట్టుకుపోయింది. తన దుకాణంలోంచి వెళ్ళిన కోటు గుండీ లేకుండా నలుగురిలో తిరగడమంటే బాబాయికి తలకొట్టేసినట్టుంటుంది.

ఐదు నిమిషాల్లో వస్తానని చెప్పి, సూదీ దారం జేబులో వేసుకుని, చెప్పులు ఈడ్చుకుంటూ బయల్దేరాడు. అలవాటు కొద్దీ పోస్టుమాస్టరు ప్యాంటు భుజాన వేసుకునే వెళ్ళాడు. అది పిన్నీ చూడలేదు, పోస్టుమాస్టరూ చూడలేదు.

సందు చివర బస్సు నిలబడి ఉంది. గైడమ్మాయి ముందు సీట్లో కూర్చుని ప్రయాణికుల పేర్లకు టిక్కులు పెడుతోంది. కోటు విప్పమంటే విప్పనంది. చెయ్యి సీటు మీద పెట్టి కదలకుండా కూర్చో, నేను కుట్టేస్తానన్నాడు బాబాయి. తీరా చూస్తే ముక్కు మీద ఉన్నది దూరం కళ్ళద్దాలు. దగ్గరివి దుకాణంలో ఉండిపోయాయి. గుండీ కుట్టడానికి నాకు కళ్ళెందుకు, చేతులకే తెలుసు అనుకుని, మైనం రాసిన దారం రెండు పేటలు చేసి, పదకొండు చుట్లు చుట్టి, మూడు ముళ్ళు వేశాడు. అంతసేపూ డ్రైవరు గడియారం వంకే చూస్తున్నాడు. టైమవగానే బస్సు కదిలించాడు.

"అయిందమ్మా. ఇక నువ్వు ఊడినా అది ఊడదు," అన్నాడు బాబాయి.

గైడమ్మాయి చెయ్యి ఎత్తింది. చేతితో పాటు సీటు కవరు కూడా లేచింది.

బాబాయి అద్దాలు పైకి జరిపి, కిందికి జరిపి, చివరికి ముక్కు సీటుకి ఆనించి చూశాడు. కోటు చేతినీ సీటు కవరునీ కలిపి కుట్టేశాడు. గుండీ మాత్రం ముచ్చటగా కుదిరింది.

కత్తెర దుకాణంలో ఉంది. పళ్ళతో కొరుకుదామంటే ముందు పళ్ళు రెండూ పోయిన నెలే పీకించుకున్నాడు. ఎవరి దగ్గరైనా కత్తెరుందా అని డ్రైవరు మైకులో అడిగాడు. ప్రతిదీ నోటుపుస్తకంలో రాసుకునే పెద్దాయన ఒకరు గోళ్ళు కత్తిరించుకునే కట్టరు ఇచ్చారు. ఊరివాళ్ళతో బాబాయి ఇన్నాళ్ళూ చెప్పుకుంటూ వచ్చింది ఒకటే మాట, గుడ్డ చిరగొచ్చు గానీ నా దారం తెగదని. అన్నట్టే కట్టరు విరిగింది. దారం తెగలేదు.

"పోనీ, కోటు విప్పేస్తే సరిపోతుంది కదమ్మా," అన్నాడు బాబాయి.

గైడమ్మాయి ఆయన చెవి దగ్గరికి వంగి, పొద్దున లేవడం ఆలస్యమైందనీ, కోటు లోపల ఉన్నది పడుకునేటప్పుడు వేసుకునే చొక్కా అనీ, దాని నిండా గొడుగులు పట్టుకున్న బాతుల బొమ్మలున్నాయనీ చెప్పింది. ఉద్యోగంలో చేరిన మొదటిరోజు. బాబాయికి పరిస్థితి అర్థమైంది.

లైట్‌హౌస్ దగ్గర బస్సాగింది. దాని కాపలాదారు పైనే ఉంటాడు, అతని దగ్గర కత్తి ఉండకపోదు.

"వీళ్ళందరినీ మీరే పైకి తీసుకెళ్ళండి బాబాయ్. కత్తి పట్టుకురండి. ఈలోగా వీళ్ళకి ఏదో ఒకటి చెప్తూ ఉండండి. పుట్టి పెరిగిన ఊరేగా మీకు," అంది గైడమ్మాయి. అని, ఒంటిచేత్తో గైడు ఎర్రటోపీ తీసి ఆయన నెత్తిన పెట్టింది.

కింద దిగాక ఇరవై రెండు మంది చుట్టూ చేరి ఆయన నోటి వంక చూశారు. ఇది ఎప్పుడు కట్టారని నోటుపుస్తకం పెద్దాయన అడిగారు. బాబాయికి తెలియదు. ఎవరు కట్టారని అడిగారు. అదీ తెలియదు. తెలియనప్పుడు చేతులు ఎప్పుడూ చేసే పనే చేశాయి. మెడలో టేపు తీసి లైట్‌హౌస్ నడుం చుట్టూ పెట్టడం మొదలుపెట్టాడు. టేపు అయిపోయిన చోట ఒకావిడ వేలు పెట్టింది. అక్కణ్ణుంచి ఇంకొకాయన అందుకున్నాడు. చుట్టూ తిరిగివచ్చేసరికి పదిహేడు టేపులూ ఒక జానా తేలింది.

"మంచి కట్టు మనిషి. నడుం దగ్గర ఎక్కడా జారలేదు," అన్నాడు బాబాయి, అచ్చం గిరాకీ గురించి చెప్పినట్టు.

దాంతో జనంలో హుషారు పుట్టింది. దీనికి చొక్కా కుట్టాలంటే ఎంత గుడ్డ పడుతుందని ఎవరో అడిగారు. గోడ మీది పలకలో ఎత్తు నలభై మీటర్లని రాసి ఉంది. పెద్దాయన నోటుపుస్తకంలో గుణించి, దగ్గర దగ్గర ఏడు వందల మీటర్లని తేల్చారు. ఒకసారి ఉతికితే కుంచించుకుపోతుంది, ఇంకో యాభై వేసుకోండి అన్నాడు బాబాయి. పొడుగు చేతులా పొట్టి చేతులా అన్న దగ్గర రెండు వర్గాలయ్యాయి. అసలు లైట్‌హౌస్‌కి చేతులే లేవు కదా అన్నావిడని ఇరువర్గాలూ కలిసి గదమాయించాయి. జేబు ఏవైపు ఉండాలన్న దాని మీద మెట్లెక్కుతున్నంతసేపూ చర్చ జరిగింది. అలా నూట తొంభై మెట్లు ఎవరికీ తెలియకుండానే ఎక్కేశారు, ఒక్క బాబాయి మోకాళ్ళకు తప్ప.

పైన కాపలాదారు బంగాళాదుంపల తొక్క తీసుకుంటున్నాడు. కత్తి అడిగితే, తిరిగిస్తానని మాట తీసుకుని ఇచ్చాడు. బాబాయి దాన్ని జేబులో పెట్టుకుని, వచ్చాం కదా అని కమ్మీ పట్టుకుని కిందికి చూశాడు.

ఊరంతా బల్ల మీద పరిచిన గుడ్డలా ఉంది. సందులు చాక్‌పీసుతో గీసిన గీతల్లా ఉన్నాయి. రేవు ఒంపు చంక కత్తిరింపులా చక్కగా తిరిగింది. ఇంత బాగా కత్తిరించిన ఊళ్ళో ఇన్నాళ్ళూ ఉన్నానా అని ఆయన నోరెళ్ళబెట్టాడు. వెతికి వెతికి తన సందు పట్టుకున్నాడు. ఈసారి దూరం కళ్ళద్దాలే పనికొచ్చాయి. దుకాణం ముందు పిన్ని నిలబడి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని అటూ ఇటూ చూస్తోంది. అగ్గిపుల్లంత ఉంది. పక్కన చారల తుండుగుడ్డలో ఇంకో మనిషి. ఎవరా అని ఆలోచిస్తూ భుజం తడుముకున్నాడు. చేతికి ప్యాంటు తగిలింది.

అక్కణ్ణుంచి చెయ్యి ఊపాడు. టోపీ ఊపాడు. చివరికి పోస్టుమాస్టరు ప్యాంటే ఊపాడు. వెనకనున్న ఇరవై రెండు మందీ ఇది ఇక్కడి పద్ధతి కాబోలనుకుని చేతికి దొరికిందల్లా ఊపారు. కింద నుంచి ఎవరూ చూడలేదు.

దిగివచ్చి కత్తితో దారం కోసి గైడమ్మాయిని విడిపించాడు. డ్రైవరు కత్తి తిరిగిచ్చేసి వచ్చాడు. ఇక నేను వెళ్ళొస్తానమ్మా అంటే బస్సు మొత్తం ఒప్పుకోలేదు. కోటకి ఏ గుడ్డ నప్పుతుందో చెప్పకుండా వెళ్ళడానికి వీల్లేదన్నారు. గైడమ్మాయి కూడా ఉండమనే బతిమాలింది. రాత్రంతా కూర్చుని బట్టీపట్టిన చరిత్ర ఒక్కరూ అడగకపోవడం ఆ పిల్లకి పెద్ద ఊరట. రేవు దగ్గర దిగిపోతానని చెప్పి బాబాయి కూర్చున్నాడు. కోట చూసి, దీనికి అతుకులు తప్ప ఏం లేవు, కొత్తది కుట్టించుకోవడమే మేలని తీర్పిచ్చాడు.

బస్సు రేవుకి చేరేసరికి రొట్టెల వ్యాను ఎదురొచ్చి అడ్డంగా ఆగింది. ముందు తలుపులోంచి పిన్ని దిగింది. వెనక తలుపులోంచి, రొట్టెల బుట్టల మధ్య నుంచి, పోస్టుమాస్టరు దిగాడు. బాబాయిని యాత్రికుల బస్సు పట్టుకుపోయిందని బేకరీవాళ్ళు చెబితే వాళ్ళ వ్యానులోనే వెతుక్కుంటూ వచ్చారు. పొద్దుటినుంచీ తపాలా ఆఫీసు తెరవలేదు. పిన్ని బాబాయి ప్యాంట్లన్నీ తెచ్చి చూపించింది గానీ, పోస్టుమాస్టరుకి ఒక్కటీ మోకాలు దాటలేదట.

బాబాయి ప్యాంటు ముందుకు చాచాడు. పోస్టుమాస్టరు అందుకుని టికెట్ల గది వెనక్కి వెళ్ళాడు. పిన్ని మొగుణ్ణి ఎగాదిగా చూసింది. ఎర్రటోపీ దగ్గర చూపు ఆగింది.

"ఐదు నిమిషాలన్నారు."

"అన్నాను."

"లైట్‌హౌస్ ఎక్కారా?"

అబద్ధం ఆడదామనుకున్నాడు. కానీ వెనక ఇరవై రెండు మంది సాక్షులున్నారు. "ఎక్కాను," అన్నాడు.

"నేను లేకుండా."

ఆ మాట ఆవిడ గట్టిగా అనలేదు. గట్టిగా అని ఉంటే బాబాయి ఏదో ఒకటి బుకాయించేవాడే. టోపీ తీసి చేతిలో పట్టుకుని నేల చూపులు చూశాడు. పైకి తొందరలో వెళ్ళాననో, కత్తి కోసం వెళ్ళాననో చెప్పొచ్చు. చెప్పింది ఇంకొకటి.

"అంత పైనుంచి చూస్తే నాకు నువ్వే కనిపించావే," అన్నాడు. "ఇంతే ఉన్నావు." చూపుడువేలూ బొటనవేలూ దగ్గరపెట్టి చూపించాడు.

పిన్ని ఆ కొలత కాసేపు చూసింది. నవ్వు ఆపుకోబోయింది, ఆగలేదు. "సరే పదండి. ముందు పడవ. దిగాక మళ్ళీ ఎక్కుతున్నారు, నాతో," అంది.

గైడమ్మాయి పిన్నికీ ఒక ఎర్రటోపీ ఇచ్చింది. తపాలా ఆఫీసు ఎటూ మూసే ఉంది కదా అని పోస్టుమాస్టరు కూడా పడవెక్కాడు. ఆ ప్యాంటుకి ఇంకా గుండుసూదులే ఉన్నాయన్న సంగతి అతను కూర్చోబోయినప్పుడు బయటపడింది. పక్షుల రాయి దాకా, మళ్ళీ ఒడ్డు దాకా నిలబడే ప్రయాణం చేశాడు. పడవ ఊగినప్పుడల్లా చిన్న కేక వినిపించేది. దానికి రాయి మీది పక్షులు బదులు పలికాయి. అన్ని పక్షులు ఒకేసారి బదులు పలకడం తన జన్మలో చూడలేదని పడవవాడు అన్నాడు.

సాయంత్రం పిన్ని లైట్‌హౌస్ మెట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటూ ఎక్కింది. బాబాయి వెనకాల గోడ పట్టుకుని, మధ్యమధ్య కూర్చుని, ఎనభయ్యో మెట్టు నుంచి నాలుగు కాళ్ళ మీద ఎక్కాడు. పైకి చేరాక పిన్ని కమ్మీ పట్టుకుని ఊరంతా ఒక్కో సందే చూసుకుంటూ పోయింది. ఎండ వాలి నీళ్ళన్నీ రాగి రంగుకు తిరిగాయి. ముప్ఫై ఏళ్ళు ఆపానే అని బాబాయి మనసు పీకింది. ఏమనుకుంటున్నావని మెల్లిగా అడిగాడు.

"మన మేడ మీద నీళ్ళ తొట్టికి మూత పెట్టలేదు మీరు," అంది పిన్ని. "ఇక్కణ్ణుంచి ఊరందరికీ కనబడుతోంది." అంటూనే ఆయన చెయ్యి పట్టుకుంది. కాపలాదారు వచ్చి తలుపు వేసుకోవాలని రెండుసార్లు దగ్గేదాకా ఇద్దరూ కదల్లేదు.

తర్వాత మూడు రోజులు బాబాయి మేడ ఎక్కలేకపోయాడు. గుడ్డలు కత్తిరించే బల్ల మీదే పడక. పోస్టుమాస్టరు మాత్రం ఎవరు అడిగినా ఆ రోజు ఆఫీసు పని మీద వెళ్ళాననే చెప్పాడు. గైడమ్మాయి ఉద్యోగం నిలబడింది. యాత్రికులు ఇప్పటికీ లైట్‌హౌస్ కాలరు సైజు అడుగుతుంటారనీ, నోటికొచ్చిన అంకె చెప్పేస్తాననీ అంది.

నాలుగోరోజు పిన్ని ఊళ్ళో చూడవలసినవన్నీ ఒక చీటీ మీద రాసి మిషను పక్కన గోడకి గుండుసూదితో గుచ్చింది. అప్పట్నుంచి ప్రతి గురువారం మధ్యాహ్నం దుకాణం మూసేస్తున్నారు. పోయిన వారం సముద్రజీవుల మ్యూజియం. అక్కడ పిన్ని కాళ్ళు నొప్పిపుట్టి, తిమింగలం దవడ ఎముక కింద నీడ బాగుందని చతికిలబడి, ఫ్లాస్కు తీసి టీ పోసుకుందట. కాపలా అతను వచ్చి ఇద్దరినీ చూసి, వెళ్ళి తన కుర్చీ తెచ్చి బాబాయికి వేశాడట.