అద్దం మీద కంది సాళ్లు

మన్నాఏఖేళ్ళిలో బీదర్ బస్సెక్కి, మరుసటి రోజు పాఠం చూసుకుందామని ఫోన్‌లో పుస్తకం తెరిచాను. వ్యవసాయ డిగ్రీ పిల్లలకు రెండేళ్లుగా నేను చెబుతున్న పుస్తకమే. కిటికీ పక్కన, ఒళ్లో విత్తనాల సంచితో కూర్చున్న అక్క ఏ మొహమాటమూ లేకుండా తెర మీది బొమ్మలోకి తొంగి చూసింది.

"గిదేం చేను సారూ?"

"విదేశాల్లో మక్క చేను అక్కా. మధ్యలో చిక్కుడు వేశారు. అంతర పంట."

"మీ పిల్లలు గాడికి పోయి ఎవుసం జేస్తరా?"

ముందు సీటువాళ్లు నవ్వారు. నాకు రోషం వచ్చింది. ఈ పుస్తకం ఎవరికైనా ఉచితమనీ, రాసినవాళ్ల పేరు చెప్పి మన అవసరానికి తగ్గట్టు మార్చుకోవచ్చని వాళ్లే రాసిచ్చారనీ గొప్పగా వివరించాను.

"మార్చుకోవచ్చంటున్నవ్. మరి మార్చకపోతివేంది?"

రెండేళ్లలో ఆ మాట నాకెందుకు తోచలేదో ఇప్పటికీ తెలియదు. ఆమె దుమ్ము పట్టిన కిటికీ అద్దం మీద వేలితో గీతలు గీసింది.

"ఒక సాలు కంది, నాలుగు సాళ్లు పెసర. పెసర జల్ది ఇంటికొస్తది. కంది నిమ్మళంగ పెరుగుతది. రాసుకో."

నేను అద్దాన్ని ఫొటో తీసుకున్నాను. తలెత్తేసరికి ఆమె సంచి పట్టుకొని దిగిపోతోంది.

ఇప్పుడు మా పుస్తకంలో మక్క చేను పక్కనే ఆ దుమ్ము అద్దం ఉంది. ఎవరిది వాడుకుంటే వారి పేరు వేయాలన్నది ఈ పుస్తకాల నియమం. పేరు అడగడం మరిచిన నేను బొమ్మ కింద ఇలా వేశాను: "కిటికీ పక్క సీటు అక్క, బీదర్ బస్సు."