ఇరవై నిమిషాల మీటింగ్

పోయిన సోమవారం నేను పెట్టిన మీటింగుకు పదకొండు మంది రావాలి. ముప్పై ఆరు మంది వచ్చారు! చూసి ముందు పొంగిపోయాను. ఆ పొంగు ఎంతసేపు నిలిచిందో వినండి.

సారపాక దగ్గర ఒక చిన్న కలప డిపోలో సూపర్‌వైజర్‌ని నేను. చేరి మూడు నెలలు. తోటల నుంచి జామాయిల్ కర్ర లారీల్లో వస్తుంది, కాటా మీద తూకం వేస్తాం, ముఠా హమాలీలు దించుతారు. పని ఇంతే. కానీ ప్రతి సోమవారం మీటింగ్ మాత్రం రెండు గంటలు! లారీలతో మొదలై, మంచినీళ్ల క్యాన్ల మీదికి పోయి, ఎవరిదో మరదలి పెళ్లి దగ్గర ఆగుతుంది. పదకొండు మంది, రెండు గంటలు. ఇరవై రెండు పనిగంటలు. ఒక మనిషికి దాదాపు మూడు రోజుల పని! నా ప్రాణం ఉసూరుమనేది.

లెక్క వేసిన కాగితం పట్టుకుని మేనేజర్ సార్ దగ్గరికి వెళ్లాను.

"సార్, మీటింగుకు ముందే ఒక గోల్ పెట్టుకోవాలి. అది తేలగానే లేచిపోవాలి. ఇరవై నిమిషాలు చాలు."

ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు. "సరేనమ్మా. ఒక్క సోమవారం నీకిస్త. ఇరవై నిమిషాల్ల ఒక్క నిర్ణయం తియ్యి. తీస్తే ఇగ మీటింగులన్నీ నీయే. లేకుంటే చలాన్లు టైపు చేసుకుంట కూసో."

గోల్ ఏం పెట్టాలో వెతుక్కునే పనే లేదు. గేటు దగ్గర ఒక్కో లారీ సగటున మూడు గంటల నలభై నిమిషాలు ఆగుతోంది. అది తగ్గించాలి. ఆదివారం తల్లాడ నుంచి బస్సులో వస్తూ గ్రూపులో మెసేజ్ కొట్టాను. రేపు పదింటికి మీటింగ్, ఈసారి ఒకటే గోల్, గేటు దగ్గర వెయిటింగ్ మీద, అందరూ ప్రిపేర్ అయి రండి, ఇరవై నిమిషాల్లో తేల్చేద్దాం అని.

మామూలుగా నా మెసేజులకు రెండు బొటనవేళ్లు వస్తే గొప్ప. ఆ రోజు పది నిమిషాల్లో పదకొండు జవాబులు!

లారీ డ్రైవర్ల తరఫున ఉపేందర్: "సూపర్ మేడమ్! ఇన్నాళ్లకు అడిగేటోళ్లు వచ్చిండ్రు."

ముఠా మేస్త్రి సోమయ్య వాయిస్ పంపాడు: "బిడ్డా, నేనొక్కన్నే వస్తే చాలా, ముఠా మొత్తం రావాల్నా?"

"ఎంతమంది వస్తే అంత మంచిది మామా!" అన్నాను.

కాటా మీద కూర్చునే మస్తాన్ అన్న ఒక్కడే అదోలా రాశాడు: "నేనేం తప్పు చేసిన మేడమ్?"

"తప్పొప్పులు రేపు అందరి ముందు మాట్లాడుకుందాం అన్నా" అని పెట్టి, ఎంత పారదర్శకంగా ఉన్నానో అని మురిసిపోయాను.

పదింటికి షెడ్డు నిండిపోయింది. ఒకవైపు డ్రైవర్లు. ఇంకోవైపు తలలకు తువ్వాళ్లు చుట్టుకున్న ముఠా. మస్తాన్ అన్న వెనక ఇద్దరు బావమరుదులు. సార్ కుర్చీలో కూర్చుని వాచీ చూసుకున్నారు. నేను బోర్డు మీద రాద్దామని మార్కర్ మూత తీశానో లేదో, సోమయ్య మామ చెయ్యి లేపాడు.

"గేటు కాడ వెయిటింగ్..."

"బంద్ చేయాలె!"

అందరి గొంతులకు షెడ్డు రేకులు అదిరాయి. సార్ నా వైపు చూశారు. నేను సోమయ్య మామ దగ్గరికి పరిగెత్తాను.

"మామా, ఏంటిది?"

ఆయన వంగి, ఎంతో మర్యాదగా అడిగాడు: "చాలా బిడ్డా? ఇంక జర గట్టిగ చేయమంటవా?"

"అసలెందుకు అరుస్తున్నారు?"

"నువ్వే చెప్తివి గద!"

ఉపేందర్ ఫోను నా ముఖం ముందు పెట్టాడు. నేను కొట్టిన మెసేజే. 'ఈసారి ఒకటే గోల. గేటు దగ్గర వెయిటింగ్ మీద. అందరూ ప్రిపేర్ అయి రండి.' బస్సు కుదుపుల్లో గోల్‌కు పొల్లు పెట్టడం మర్చిపోయాను!

అప్పటికే నాలుగు నిమిషాలు పోయాయి. సారీ చెబుదామంటే వినేవాళ్లేరీ?

"తెల్లారి ఆరింటి నుంచి నిలబడుతున్నం!" అన్నాడు ఉపేందర్.

మస్తాన్ అన్నకు రోషం వచ్చింది. "కాటా తెరిచేది తొమ్మిదింటికి. ఆరింటికే రమ్మని ఎవడన్నడు?"

"మా ముఠా ఎనిమిదింటికే వచ్చి ఖాళీగ కూసుంటది. నువ్వూ ఎనిమిదింటికే తెరువరాదు?" అన్నాడు సోమయ్య మామ.

"ఎట్ల తెరవాలె మామా? నేను బూర్గంపాడు నుంచి రావాలె. బస్సే ఎనిమిదిన్నరకు!"

ఉపేందర్ తల గోక్కున్నాడు.

"ఓ అన్నా, మా బండ్లు పొద్దున బూర్గంపాడు మీదికెళ్లే వస్తయి గద. ఏదో ఒకటి ఎక్కి రారాదు?"

"ఎక్కమని ఎవరన్న అన్నరా?"

"ఇప్పుడు అంటున్న గద!"

అంతే. రేపట్నుంచి ఎనిమిదింటికే కాటా. నేను బోర్డు మీద రాశాను. ఆ మీటింగులో నేను చేసిన పని అదొక్కటే.

సార్ వాచీ చూశారు. "పదిహేడు నిమిషాలు. మాటంటే మాటే. ఇగ మీటింగులన్నీ నీయే అమ్మా." నేను ఊపిరి పీల్చుకునే లోపే ఇంకో మాట అన్నారు. "కానీ మెసేజ్ గ్రూపుల పెట్టే ముందు మస్తాన్‌కు చూపియ్. ఆయన కాటా మీద తేడా రానియ్యడు."

ఎంబీఏలో నాకు కమ్యూనికేషన్‌లో ఫస్ట్ ర్యాంకు. మస్తాన్ అన్న పదో తరగతి. నిన్న ఆదివారం మెసేజ్ రాసి ఆయనకు పంపాను. మూడు తప్పులు దిద్ది వెనక్కి పంపాడు. కింద ఒక ముక్క కూడా రాశాడు: "పర్లేదు మేడమ్, నేర్చుకుంటున్నరు."