తిట్టే ఆధారమైన రోజు

విజ్ఞాన సర్వస్వంలో నా అజ్ఞాన సర్వస్వం చాటుకున్న కథ ఇది. ఆత్మకూరులో ఒకప్పుడు నడిచిన వారపత్రిక మీద ఆన్‌లైన్‌లో వ్యాసం రాసి, ఆధారంగా ఆ పత్రిక పాత సంచికలనే చూపించాను. పెళ్లికొడుకు గుణం పెళ్లికొడుకునే అడిగినట్టు! నాలాంటి స్వచ్ఛంద రచయితే ఒకాయన హెచ్చరిక పెట్టాడు: బయటివాళ్లు రాసిన ఆధారం సాయంత్రంలోగా చూపకపోతే వ్యాసం తీసేస్తారు.

పత్రిక నడిపిన పెద్దాయన ఫోన్ చేశారు. "రేపు మనవరాలొస్తా ఉండాది, చూపిస్తానని చెప్పినా. తీసెయ్యరు గదా నాయనా?"

ఊరందరి గురించీ రాసిన ఆ పత్రిక గురించి రాసింది ఒక్కరే, ఉదయగిరిలో పోటీ పత్రిక నడిపినాయన. బస్సెక్కాను.

"దాన్ని తిట్టిన సంచికా? భద్రంగా ఉండాది. ముందు అన్నం తినరా," అన్నాడాయన. తన గొప్పలన్నీ చెప్పి, నేను ఫోన్‌లో టైం చూసినప్పుడల్లా "ఏందిరా ఆ తొందర?" అని గదిమి, ఎండ వాలాక కట్ట విప్పాడు. "నా పేపరు మీద గూడా రాస్తేనే ఇస్తా."

ఒప్పుకున్నాను. ఆ సంచికలో ఆత్మకూరు పత్రిక పుట్టుపూర్వోత్తరాలన్నీ ఏకరువు పెట్టి, చివర "బజ్జీలు చుట్టుకోడానికి తప్ప పనికిరాదు" అని అచ్చేశాడు. సిగ్నల్ కోసం మిద్దెక్కి, ఆ ఆధారం చేర్చాను. చీకటి పడేలోగా హెచ్చరిక పోయింది.

మాట తప్పలేదు. ఆయన పత్రిక మీదా రాశాను. దానికీ బయటి ఆధారం కావాలి కదా! ఆత్మకూరు పెద్దాయన సంచికలో దొరికింది: "ఉదయగిరి పత్రిక కన్నా బజ్జీల నూనె మరకలే చదవడానికి బాగుంటాయి." దాన్ని మొదటి పేరాలోనే పెట్టాను.